మందు వున్నది, మందు దాకా చేరే దారేది?
రక్తపు క్యాన్సర్‌తో పోరాడుతున్న ఒక కౌలురైతు కుటుంబం

మిరప కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో రైతు అయితే చేలో వుండాలి, లేకపోతే కల్లంలో వుండాలి. 2025 జనవరిలో మేము కలిసిన రైతు మాత్రం హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆస్పత్రి వరండా చివర, కుళాయి దగ్గర గొంతుక్కూచుని భార్య చీరెలు జాడిస్తున్నాడు. చేతులు చూస్తే కష్టజీవి అని తెలిసిపోతుంది. మెడలో తువ్వాలు. పక్కన స్టీలు క్యారేజీ.

"ఏ వూరన్నా మనది?" అన్నాం.

"మధిర పక్కనండీ. మిర్చి రైతుని. సొంతం కాదు, కౌలు" అన్నాడు. తర్వాత మేమేమీ అడక్కుండానే, "లోపల మా ఆడమనిషి వుంది. రక్తంలో క్యాన్సరంట" అన్నాడు.

యీ శీర్షికలో ఎరువుల గురించి, ధరల గురించి, అప్పుల గురించి రాస్తూ వచ్చాం. రోగం గురించి రాయటమేమిటని పాఠకులు అడగవచ్చు. రైతు యింట్లో పెద్దరోగం అడుగుపెడితే అది వ్యవసాయ సమస్య కాకుండా పోదు. పంటను ముంచిన వానకన్నా, పురుగుకన్నా రోగానికి చేసిన అప్పే కొన్ని కుటుంబాలను భూమి నుంచి వెళ్లగొడుతున్నది. ఆ దంపతులతో అప్పుడు మూడు రోజులు గడిపాం. 2025 చివర వాళ్ల వూరు వెళ్లి మళ్లీ చూసొచ్చాం. పేర్లు రాయవద్దన్నారు. రాయటం లేదు.

మూడు వారాల జ్వరం

ఆమెకు ముప్పయ్యెనిమిదేళ్లు. 2024 డిసెంబరులో జ్వరం పట్టుకున్నది. వూళ్లో ఆరెంపీ టైఫాయిడ్ అన్నాడు. సూదులు పొడిచాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మిరప కోతకు పోతే పది సాళ్లు నడవకముందే ఆయాసం. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. తగిలింది లేదు, పడింది లేదు, తొడల మీద నీలం మచ్చలు.

"కోతలో కొమ్మలు గుచ్చుకున్నయ్యేమో అనుకున్నానండీ. రోగం అని ఎవరనుకుంటారు?" అన్నదామె.

ఖమ్మంలో రెండు ప్రయివేటు ఆస్పత్రులు తిరిగాక రక్తపరీక్షలో బయటపడింది. దీని పేరు అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. మన ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవుతుంది. ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడే పుడతాయి. యీ జబ్బులో ఎదగని తెల్లకణాలు కలుపులాగా విపరీతంగా మొలిచి, పైరుకు చోటు లేకుండా చేస్తాయి. ఎర్రకణాలు తగ్గి ఆయాసం, ప్లేట్‌లెట్లు తగ్గి రక్తస్రావం, పనికొచ్చే తెల్లకణాలు లేక జ్వరాలు. మూడు వారాలు దాటిన జ్వరం, చిగుళ్ల రక్తం, కారణం లేని నీలం మచ్చలు మూడూ కలిసి కనబడితే సూదిమందులతో కాలం గడపవద్దు. మామూలు రక్తకణాల లెక్క పరీక్ష ఏ ప్రభుత్వ ఆస్పత్రిలోనైనా చేస్తారు. మొదటి అనుమానం అక్కడే వస్తుంది.

"మందు కొట్టినందువల్లే వచ్చిందంటారా?" అని ఆయన మమ్మల్ని అడిగాడు. మిరపకు వారం వారం పురుగుమందు కొట్టటం, ఆమె నీళ్లు మోసి డ్రమ్ములో కలపటం యిరవయ్యేళ్లుగా సాగుతున్నదే. ఒక మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని ఏ డాక్టరూ తేల్చలేడు. అయితే 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ లిండేన్‌ను క్యాన్సర్ కలిగించేదిగా నిర్ధారించింది. మలాథియాన్‌ను, గ్లైఫోసేట్‌ను బహుశా కలిగించేవిగా పేర్కొన్నది. యీ మూడింటినీ లింఫు గ్రంథుల క్యాన్సర్‌తో ముడిపెట్టింది. ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు లేకుండా మందు కలపటం ఎవరికీ క్షేమం కాదు. ఆ మాటే ఆయనతో చెప్పాం.

బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన మందు

చికిత్స మొత్తం రెండేళ్లు దాటుతుంది. మొదటి నాలుగైదు వారాలు గట్టి మందులిచ్చి కలుపును కనబడకుండా చేస్తారు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆస్పత్రికి వస్తూ పోతూ మరికొన్ని విడతలు. చివరగా రెండేళ్ల పాటు యింటి దగ్గర మాత్రలు.

వారానికొకసారి ఆమె నరానికి ఎక్కించే విన్‌క్రిస్టిన్ అనే మందు మన బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చింది. గట్ల మీద, గుళ్ల దగ్గర, సమాధుల పక్కన ఎవరూ నాటకుండానే పెరిగే మొక్క. యీ మాట చెబితే ఆమె నమ్మలేదు. "మా పాకెనక వుండేదే! మేక కూడా ముట్టదు" అన్నది.

వెన్నులోకి ఎక్కించే పసుపుపచ్చ మందు మెథోట్రెక్సేట్. దీని వెనుక మన తెలుగువాడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధనలు నడిపాడు. ఆ కృషి నుంచే దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్ పుట్టింది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తపు క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు వాడి, జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గుతుందని 1948లో లోకానికి చూపించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. భీమవరం వాడి చేతి చలవ మధిర ఆడకూతురి వెన్నులోకి ఎక్కుతున్నదన్న మాట!

మందు వున్నది. మనవాడి చెయ్యి పడ్డ మందే. కాని ఆ మందు పనిచేయాలంటే రోగి పక్కన ఒక మనిషి నెలల తరబడి నిలబడాలి. అక్కడే అసలు చిక్కు.

ఆడపని నేర్చుకున్న మొగవాడు

ఆ వార్డులో మేము చూసినంతలో మొగరోగుల పక్కన భార్యలున్నారు. ఆడరోగుల పక్కన తల్లులో, అక్కచెల్లెళ్లో వున్నారు. భర్తలు తక్కువ. కోతలనో, కూలి పోతుందనో యింటికి పోయినవాళ్లు కొందరు. తిరిగిరానివాళ్లూ వున్నారని నర్సమ్మ చెప్పింది. యీయన మాత్రం కదల్లేదు.

"యిరవయ్యేళ్ల కాపురంలో నాకో చెంబు నీళ్లిచ్చిన మనిషి కాదండీ. యిప్పుడు చూడండి, గిన్నెలు తోముతాడు, జాకెట్లు వుతుకుతాడు. మా వూళ్లో చూస్తే నవ్వుతారు" అన్నదామె.

"నవ్వనీయవే. నవ్వేవోడు వచ్చి రెండు రాత్రులు కూచుంటాడా?" అన్నాడాయన.

ఆస్పత్రి వెనక సందులో రేకుల గది అద్దెకు తీసుకున్నాడు. చిన్న గ్యాసుపొయ్యి. మొదటి రోజు అన్నం మాడింది, రెండో రోజు గంజయింది. నోరంతా పుళ్లు పడినప్పుడు ఆ గంజే పనికొచ్చింది. స్టిరాయిడ్ మాత్రలు వేసుకునే వారాల్లో ఆమెకు విపరీతమైన ఆకలి. రాత్రి పన్నెండింటికి లేచి "పప్పన్నం తినబుద్ధవుతుంది" అంటే, వెళ్లి వండుకొచ్చాడు. బజారు తిండి, పచ్చికూరలు, కోసిపెట్టిన పళ్లు వద్దన్నారు. కాచిన నీళ్లు, అప్పటికప్పుడు వండిన అన్నం. చేతులు సబ్బుతో కడగందే మంచం ముట్టుకోడు. జుట్టు వూడటం మొదలయ్యాక ఆమె అద్దం చూడటం మానేసింది. తనే మంగలిని పిలిపించి, ఆమెతోపాటు తనూ గుండు చేయించుకున్నాడు. "తిరపతి పోయొచ్చామని చెబుదాం లే" అన్నాడట.

ఆయనకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. జ్వరం చూసే కర్ర మీద 100.4 దాటితే రాత్రయినా పగలయినా వెంటనే ఆస్పత్రికి రావాలన్నారు. తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ప్రాణం తీయగలదు. ఆ అంకెను గది గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. వూరికి వచ్చాక యిచ్చిన మాత్రల్లో ఒకటి రోజూ వేసుకోవాలి, మెథోట్రెక్సేట్ మాత్రం వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేస్తే మందే విషమవుతుంది. కూతురి చేత క్యాలెండరులో ప్రతి ఆదివారానికీ ఎర్ర చుక్క పెట్టించాడు. చుక్క వున్న రోజునే ఆ సీసా కిందికి దిగుతుంది.

రక్తం యిచ్చినవాళ్లు

చికిత్స మొదటి నెలలో ప్లేట్‌లెట్లు అడుగంటుతాయి. దాతలు కావాలి. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవుండవు గనక ఎప్పటికప్పుడు కొత్త మనుషులు కావాలి. హైదరాబాదులో ఆయనకు తెలిసినవాళ్లెవరు?

వూరికి ఫోను చేశాడు. రైతుసంఘం కార్యకర్త యింటింటికీ తిరిగాడు. రెండో రోజు తెల్లారేసరికి మిర్చి తోలే వ్యానులో పదకొండుమంది దిగారు. అందులో నలుగురు ఆడకూలీలు. హైదరాబాదు ముఖం చూడని ముసలాయన ఒకడు, నా వయసు దాటిందని పంపేస్తే గేటు దగ్గర కూచుని అలిగాడు. ఆడకూలీలు నలుగురిలో ముగ్గురిని రక్తం చాలదని తిప్పి పంపారు. రక్తం యివ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 వుండాలి. వాళ్లకు తొమ్మిది, పది వున్నది.

"దాని పానం కోసం వస్తే, మాకే రక్తం లేదన్నరు" అని ఒకామె నవ్వుతూనే చెప్పింది. మాకు నవ్వు రాలేదు. పొద్దుగూకులూ పనిచేసే మనిషి వొంట్లో పక్కవాడికి యివ్వటానికి కాదు, తనకే రక్తం చాలని స్థితి. దీనికి ఏ క్యాన్సరూ కారణం కాదు.

ఆ పదకొండుమందే వూరికెళ్లి మరో పని చేశారు. ఆయన రెండెకరాల మిరపను ఒకరోజు ఒకరు, ఒకరోజు ఒకరు బదులుపనిగా కోసిపెట్టారు. కాయ కల్లానికి చేరింది. కాని ధర? 2023లో క్వింటాలు యిరవై వేలు దాటి పలికిన మిర్చి, 2025 తొలి నెలల్లో పదకొండు, పదమూడు వేల మధ్యకు దిగజారింది. మనుషులు చేసిన సాయాన్ని మార్కెట్టు మింగేసింది.

"నా రోగానికి నన్నే పరాయిదాన్ని చేస్తావా?"

నెల దాటాక మూలుగ పరీక్షలో జబ్బు కణాలు కనబడలేదు. కాని అప్పటికే వూపిరితిత్తులకు చీము పట్టి, మొత్తం నలభయ్యేడు రోజులు మంచం దిగలేదు. ఆ రోజుల్లోనే ఒక రాత్రి ఆమె, "నన్ను యింటికి తీసుకపో. యీ డబ్బు పిల్లలకన్నా వుంటది" అన్నది.

అదే వారం యింకో గొడవ జరిగింది. రెండు గేదెలమ్మిన సంగతి, వచ్చే ఏటికి భూమి పోయిన సంగతి ఆయన భార్యకు చెప్పకుండా దాచాడు. భూమి యజమాని హైదరాబాదులోనే వుంటాడు. మంచివాడే, ఆస్పత్రికి వచ్చి పళ్లు యిచ్చిపోయాడు. వారం తిరక్కుండా ఫోను చేసి, "నువ్విప్పుడు సేద్యం చూసే స్థితిలో లేవు గదా, వేరేవాళ్లకు మాట్లాడుకున్నా" అన్నాడు. కూతురు ఫోనులో నోరు జారితే ఆమెకు తెలిసింది. మూడు పూటలు అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు.

"గేదెలమ్మినందుకు కాదండీ నా కోపం. పాలు పిండింది నేను, కౌలు చేలో కలుపు తీసింది నేను. నాకు మాట చెప్పకుండా అమ్ముతాడా? నా రోగానికి నన్నే పరాయిదాన్ని చేస్తావా అని అడిగాను" అన్నదామె.

ఆయన తల వంచుకున్నాడు. "బాధపడుద్దని చెప్పలేదు. అది తప్పే" అన్నాడు. మర్నాడు డాక్టరు దగ్గరికి యిద్దరూ కలిసే వెళ్లారు. డాక్టరు దాచకుండా చెప్పాడు. పిల్లల్లో యీ జబ్బు ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది, పెద్దవాళ్లలో అంతమందికి కాదు. కాని సగంలో మానేస్తే మాత్రం తిరగబెట్టక మానదు.

బయటికొచ్చాక ఆయన అన్నాడట: "మొదటి కలుపు తీశాం. రెండో కలుపు తీయకుండా చేను వదిలేస్తామా?"

అప్పటినుంచి రూపాయి రూపాయి లెక్క ఆమే రాస్తున్నది. ఆమె అయిదో తరగతి చదివింది. ఆ నోటుబుక్కు మాకూ చూపించింది. రోగి పక్కన నిలబడటమంటే మోసుకుపోవటమే కాదు, మంచంలో వున్న మనిషి మాటకు యింట్లో విలువ తగ్గకుండా చూడటం కూడానని ఆ దంపతుల దగ్గర మేము తెలుసుకున్నాం.

నోటుబుక్కులో లెక్క

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల కీమో మందులకు వాళ్లు డబ్బు కట్టలేదు. ఆ మాట దాచం. తెలంగాణలో ఆ పథకం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. అది లేకపోతే ఆమె యీ పాటికి వుండేది కాదు. మరి అప్పెందుకైంది?

జబ్బు తేలకముందు ఆరెంపీకి, ప్రయివేటు ఆస్పత్రులకు, పరీక్షలకు 62 వేలు. హైదరాబాదుకు కారు కిరాయి 9 వేలు. రేకుల గదికి నెలకు 5 వేల చొప్పున ఎనిమిది నెలలకు 40 వేలు. తిండికి, రాకపోకలకు 71 వేలు. బయట చేయించిన పరీక్షలకు, బయట కొన్న చీము మందులకు 78 వేలు. మొత్తం 2 లక్షల 60 వేలు. పోయిన కూలి, పోయిన కౌలు యిందులో లేవు.

మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అంటే నెలకు 7,800, ఏడాదికి 93,600 వడ్డీకే పోతుంది. బ్యాంకు ఎందుకివ్వదు? పట్టా లేదు గనక. కౌలుదారుకు రుణ అర్హత కార్డు యివ్వాలని 2011లో వుమ్మడి రాష్ట్రంలో చట్టం చేశారు. ఆయన చేతికి ఆ కార్డు ఎన్నడూ రాలేదు. 2018లో మొదలైన రైతుబంధు డబ్బు ఆయన దున్నిన భూమి మీదే వచ్చింది, యజమాని ఖాతాలో పడింది. ప్రభుత్వ కాగితాల్లో ఆయన రైతే కాదు. రైతు కానివాడికి పంటరుణం ఎక్కడిది?

మందు ఎవరి సొత్తు?

పక్క మంచం దగ్గర ఒక ముసలాయన తారసపడ్డాడు. ఆయనకు వచ్చింది మరోరకం రక్తపు క్యాన్సర్, నెమ్మదిగా పెరిగేది. రోజుకు ఒక మాత్ర వేసుకుని పొలం పని చేసుకుంటున్నాడు. ఆ మాత్ర ఇమాటినిబ్. నోవార్టిస్ అనే స్విట్జర్లాండు కంపెనీ గ్లివెక్ పేరుతో అమ్మినప్పుడు నెలకు లక్షా యిరవై వేల దాకా ఖరీదుండేది. మన దేశపు కంపెనీలు దాన్నే పది వేల లోపు చేసి చూపించాయి. వాటిలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఒకటి. నోవార్టిస్ పేటెంటు కోసం పోరాడి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2013 ఏప్రిల్ 1న కోర్టు పేటెంటు కుదరదన్నది. పాత మందుకు కొత్త రూపమిచ్చి మళ్లీ గుత్తహక్కు అడిగితే చెల్లదనే సెక్షన్ 3(డి) అందుకు ఆధారం. 2005లో పేటెంట్ల చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటులో వామపక్షాల వొత్తిడితో చట్టంలో చేరిన రక్షణ అది. ఢిల్లీలో జరిగిన ఆ పోరాటం తన జేబులోని మాత్రలో వుందని ఆ ముసలాయనకు తెలియదు. తెలిసేట్టు చెప్పటం మన పని.

యిప్పుడు

2025 చివర వూరెళ్లేసరికి ఆమె వాకిట్లో కూచుని మిరపకాయల తొడాలు తీస్తున్నది. జుట్టు పొట్టిగా మొలిచింది. వేళ్ల తిమ్మిరి యింకా పోలేదు. నెలకొకసారి హైదరాబాదు పోవాలి, మాత్రలు 2027 దాకా నడుస్తాయి. రైల్లో స్లీపరు క్లాసులో క్యాన్సర్ రోగికి పూర్తిగా, తోడు వచ్చినవారికి నూటికి డెబ్బయ్యయిదు వంతులు రాయితీ వుందని వాళ్లకు ఎనిమిది నెలల దాకా ఎవరూ చెప్పలేదు. యీ కథనం చదివేవారైనా పదిమందికి చెప్పాలి. ఆయన యీ ఏడు ఎకరంన్నర మాత్రమే కౌలుకు పట్టాడు. కూతురు యింటరు మానలేదు. మానుతానంటే తల్లి వొప్పుకోలేదు.

యీ కుటుంబం నిలబడింది వూరి మనుషుల మంచితనం వల్ల. మంచితనం మీద ఎన్ని కుటుంబాలను నిలబెట్టగలం? పెద్దాస్పత్రుల దగ్గర రోగి వెంట వచ్చినవారికి పడక, వంటకు చోటు వుండాలి. మూలుగ పరీక్ష నుంచి చీము మందు దాకా ఏదీ బయట కొనే పని వుండకూడదు. జిల్లా ఆస్పత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. బోర్డులు కాదు, డాక్టరూ మందూ వుండే కేంద్రాలు కావాలి. సాగుచేసేవాడికి యజమాని దయతో పనిలేకుండా గుర్తింపు కార్డు, బ్యాంకు రుణం దక్కాలి. యివేవీ దానాలు కావు, అడిగి తీసుకోవలసిన హక్కులు.

మేము లేస్తుంటే ఆమె లోపలికి వెళ్లి సంచీలో పావుశేరు ఎండుమిరపకాయలు పోసిచ్చింది. "యీసారి మేము కోసినయ్యే" అన్నది. ఆయన క్యాలెండరు వైపు చూసి, "రేపు ఆదివారం" అని గుర్తుచేశాడు.